పాతాళగంగకు పద్దు రాసిన రైతులు

మార్కాపురం: పడమటి ప్రకాశం రైతుకు లెక్కలు రావనుకోవడం పొరపాటు. ఎరువుల కొట్టులో పేరుకున్న బాకీ, బోరు లారీకి అడుగుకు ఇంత అని చెల్లించిన సొమ్ము, కాలిన మోటారుకు తిరిగి తీగ చుట్టించిన ఖర్చు వడ్డీతో సహా వేళ్ల మీద చెప్పగలడు. కాని ఈ ఏడు తన చేను అడుగుకు నీరెంత దిగింది, ఊరంతా కలిసి ఎంత తోడుతున్నది అని అడిగితే మాత్రం సమాధానం దొరకదు. అసలు అలా అడిగేవారే లేరు.

ఆ లెక్క కూడా రైతులే కట్టిన కాలం ఒకటి ఉన్నది. 2003 నుంచి ఆరేడు సంవత్సరాల పాటు ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాల పల్లెల్లో రైతులు తామే వాన కొలిచారు. బావిలో నీరు ఎంత లోతున ఉన్నదో కొలిచారు. ఆ అంకెలను నలుగురూ చూచే చోట బోర్డు మీద రాశారు. చదువు అంతంత మాత్రమే అయినవారు, ఇల్లు దాటి సభకు రాని ఆడవారు కూడా ఆ పనిలో ఉన్నారు. చాలామంది ఆ సంగతి మరచిపోయారు. బోరు లారీలు మాత్రం అప్పటికంటే లోతుకు దిగుతున్నాయి.

నేల కింద పలక

మార్కాపురం పేరు చెప్పగానే పలక గుర్తుకు వస్తుంది. ఆంధ్రదేశంలో ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దినది ఈ గనుల రాతి మీదనే. రాష్ట్రానికి అక్షరం నేర్పిన ఆ రాయే ఇక్కడి రైతుకు చిక్కు తెచ్చిపెట్టింది. నల్లమల దిగువన కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు, తర్లుపాడు వైపు నేల కింద పలక, దాని జాతి రాళ్లు పొరలు పొరలుగా ఉన్నాయి. ఇసుక నేలలా నీటిని పీల్చి దాచుకొనే గుణం వీటికి లేదు. పైనున్న మొరంలో, రాతి పగుళ్లలో, పొరల సందుల్లో నిలిచినదే నీరు.

ఆ పగులు గట్టు చూచుకొని పోదు. సర్వే నంబరు దానికి తెలియదు. ఒకే పగులు మీద నాలుగు చేల బోర్లు ఉండవచ్చు. ఒకరు వంద అడుగులు లోతుకు పోతే మిగిలిన ముగ్గురి మోటార్లు గాలి పీలుస్తాయి. ఆ ముగ్గురూ మళ్లీ అప్పు చేసి మరో వంద అడుగులు పోతారు. మొదటివాడు మరింత లోతు తవ్విస్తాడు. నలుగురి ఖర్చూ పెరిగింది, నీరు మాత్రం అదే. కపిల తోలిన రోజుల్లో ఈ పోటీకి ఎద్దు కాలే హద్దుగా ఉండేది. ఎద్దు అలసిపోతే కపిల ఆగేది, రాత్రికి బావి ఊరేది. కరెంటు మోటారుకు అలసట లేదు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అది రైతుకు ఊపిరి పోసిన మాట నిజమే, తోడినందుకు బిల్లు రాదు గనుక ఎంత తోడుతున్నామనే ధ్యాస తప్పిన మాటా నిజమే.

చెరువుకు ఉన్న సుఖం

ఈ ప్రాంతానికి నీరు పంచుకోవడం కొత్త విద్య కాదు. కంభం చెరువే అందుకు సాక్ష్యం. గుండ్లకమ్మ, జంపలేరు నీటిని రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన ఈ చెరువును విజయనగర రాజుల కాలంలో శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. సుమారు పది వేల ఎకరాల ఆయకట్టు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దీనిని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

అయిదు వందల ఏళ్ల పాటు ఒక చెరువు నిలవడానికి కట్ట గట్టితనం ఒక్కటే చాలదు. ఏటా పూడిక తీసే చేతులు కావాలి, తూము దగ్గర ఎవరి వంతు ఎప్పుడో చూచే మనిషి కావాలి. నీరుగంటిని పెట్టుకొని, పంట ఇంటికి వచ్చినప్పుడు అతనికి గింజలు కొలిచి, ఎగువ వాడు దిగువ వాడి చేను ఎండబెట్టకుండా కట్టడి చేసుకోవడం చెరువు కింది ఊళ్లన్నిటికీ తెలిసిన పద్ధతే. తగాదాలు లేవని కాదు. తగాదా వచ్చినా అందరి కళ్లెదుటే వచ్చేది. చెరువులో ఎన్ని అడుగుల నీరున్నదో పశువుల కాపరి కుర్రవాడు కూడా చెప్పగలడు. 1997లో వచ్చిన నీటి సంఘాల చట్టం కూడా కంటికి కనబడే నీటికే, చెరువు కింద, కాలువ కింద ఉన్నవారికే పనికివచ్చింది.

నేల కింది నీరు కంటికి కనబడదు. చెరువు కింద పుట్టిన కట్టడి బోరు కింద పుట్టకపోవడానికి అసలు కారణం ఇదే. ఈ రైతులకు ఐకమత్యం లేదని సభల్లో తిట్టిపోయేవారు ఈ సంగతి గమనించరు.

డ్రమ్ము, గడియారం, కొలత టేపు

మొదట నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయంతో 1995లో ‘ఏపీ వెల్’ అనే పథకం వచ్చింది. ఏడు కరువు జిల్లాల్లో చిన్న, సన్నకారు రైతులు కొందరు కలిస్తే వారికి ఒక ఉమ్మడి బోరు వేసి ఇచ్చేవారు. ఆ విధంగా మూడు వేలకు పైగా బోర్లు పడ్డాయి. ఒకరి చేనులో ఉన్న బోరు నుంచి నలుగురూ వంతుల వారీగా తడుపుకోవడం, మోటారు చెడిపోతే నలుగురూ వేసుకొని బాగుచేయించుకోవడం అక్కడ అలవాటయింది. అయితే ఉమ్మడి బోరులో నీరు నిలవాలంటే చుట్టూ ఉన్న సొంత బోర్ల సంగతి తేలాలి గదా! ఆ ప్రశ్న నుంచి పుట్టినదే 2003లో మొదలైన రెండో పథకం. రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థల పథకం అని దానికి పేరు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. అప్పటి కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ, దానితోపాటు వివిధ జిల్లాల సంస్థలు పల్లెల్లో పనిచేశాయి.

ఏడు జిల్లాలలో ఆరు వందలకు పైగా పల్లెల్లో ఈ పని నడిచింది. ఊరిని ఊరుగా గాక వాగును బట్టి విభజించారు. ఒక వాగులోకి నీరు దిగే పరీవాహకం అంతా ఒక యూనిట్టు, అందులోని పల్లెలన్నీ ఒకే కుటుంబం. ఊరికొక భూగర్భ జల సంఘం, ఆ సంఘాల మీద వాగుకొక సమాఖ్య. రెండు వేలకు పైగా బావులను పరిశీలన బావులుగా ఎంచి పదిహేను రోజులకొకసారి నీటి మట్టం కొలిచేవారు. వానమాని దగ్గర ఉదయమే వాన లెక్క రాసేవారు. బోరు ఎంత పోస్తున్నదో తేల్చడానికి డ్రమ్ము పెట్టి గడియారం చూచేవారు.

ఈ పథకంలో డబ్బు పంచలేదు. సబ్సిడీ లేదు, ఉచిత బోరు లేదు, పైపులు లేవు. వచ్చినది తెలివిడి ఒక్కటే. ఏమీ ఇవ్వని పథకానికి రైతులు వస్తారా అని మొదట్లో అనుమానించినవారు ఉన్నారు. వచ్చారు. కొలత తన చేతిలో ఉన్నప్పుడు రైతుకు దాని మీద నమ్మకం కలిగింది.

ఇరవై ఎకరాల వాన, ఒక ఎకరం వరి

వారు నేర్చుకొన్న లెక్క పెద్ద చదువు అవసరం లేనిది. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సుమారు 4,047 లీటర్ల నీరు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకుంటే ఎకరానికి 24 లక్షల లీటర్లు. అందులో చాలా భాగం వాగున పోతుంది, ఎండకు పోతుంది, చెట్టు చేమా తాగుతుంది. ఇటువంటి రాతి నేలల్లో పదో వంతు కిందికి దిగిందంటే మంచి ఏడాది కిందే లెక్క. అంటే ఎకరానికి దాదాపు 2 లక్షల 40 వేల లీటర్లు.

ఇక ఖర్చు. వరికి రమారమి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. అంటే బోరు కింద రబీలో ఎకరం వరి వేసినవాడు ఇరవై ఎకరాల నేల ఏడాది పొడుగునా దాచిన నీటిని ఒక్కడే తాగిస్తున్నాడన్నమాట! పొలంలో పెట్టిన నీటిలో కొంత మళ్లీ నేలలోకి ఇంకుతుంది, మధ్యలో ఒక వాన సాయం చేయవచ్చు. అది తీసివేసినా లెక్క గుండె ఝల్లుమనిపించేదే. ఆ ఇరవై ఎకరాల్లో అతనివి ఎన్ని, పక్కవారివి ఎన్ని?

అదే వేరుశనగకు 500 మిల్లీమీటర్లు సరిపోతుంది. కంది, జొన్న వంటివి ఇంకా తక్కువతో గట్టెక్కుతాయి. ఎకరం వరి నీటితో రెండెకరాలకు పైగా వేరుశనగ పండించవచ్చు.

బోరు వైపు నుంచీ చూడవచ్చు. రెండు వందల లీటర్ల డ్రమ్ము వంద సెకండ్లలో నిండితే ఆ బోరు గంటకు 7,200 లీటర్లు పోస్తున్నట్లు. రోజుకు తొమ్మిది గంటలు నడిపితే 64,800 లీటర్లు. అది ఎకరంలో 16 మిల్లీమీటర్ల తడి. ఎకరం వరికి ఆ మోటారు 75 రోజులు, వేరుశనగకు 31 రోజులు నడవాలి. ఈ అంకెలు తెలిసిన రైతు మోటారు శబ్దాన్ని వేరేగా వింటాడు.

వానాకాలం వెనకబట్టి రబీ విత్తనం కొనబోయే ముందు వాగు కింది ఊళ్లవారంతా ఒకచోట చేరేవారు. ఎంత వాన పడింది, మట్టం ఎంత లేచింది, ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలచారు అన్నది ఒక్కొక్క ఊరివారు చెప్పేవారు. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు రాసి కూడేవారు. ఖర్చు జమను మించిపోతే ఆ సంగతి అందరి ముందూ తేలిపోయేది. నీవు వరి వేయరాదని ఎవరినీ శాసించలేదు. జరిమానా లేదు. కాగితం పట్టుకొని ఇంటికి పోయిన రైతు భార్యతో, అన్నదమ్ములతో మాట్లాడుకొని, రెండెకరాల వరి అనుకున్నది అరెకరానికి తగ్గించి మిగిలిన దానిలో శనగో ఆముదమో వేసుకొంటే అది అతని ఇష్టం.

ఎవరూ త్యాగం చేయలేదు

2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశ భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదికలో ఈ పల్లెల ప్రస్తావన ఉన్నది. పరిశీలించిన వాగు యూనిట్లలో మూడేళ్ల పాటు రబీ తోడకం వరుసగా తగ్గినవి 42 శాతం. కొన్నేళ్లు తగ్గి కొన్నేళ్లు తగ్గనివి 51 శాతం. పెరిగినవి 7 శాతం. ఆ నివేదిక చెప్పిన మరో మాట ముఖ్యమైనది. రైతులు ఊరి మేలు కోసం తమ పంట వదులుకోలేదు. నీరు చాలదని ముందే తెలిసినందువల్ల, నడి పంటలో ఎండిపోయే చేనుకు పెట్టుబడి పెట్టడం మానుకొన్నారు. ఎవరి లాభం వారు చూచుకొన్నారు. ఆ చూపులన్నీ కలిసి వాగు కింది నీటిని కాపాడాయి.

ఇది చిన్న మాట కాదు. నలుగురు కలవాలంటే మనుషులు దేవతలు కానవసరం లేదని ఇక్కడ తేలింది. ఒకరి లెక్క ఒకరికి కనబడితే చాలు. పక్కవాడు రహస్యంగా తోడుకొంటున్నాడేమో అన్న భయమే చాలామందిని బోరు లారీ దగ్గరకు నడిపిస్తుంది. బోర్డు మీద అంకె ఉంటే ఆ భయం సగం పోతుంది.

అంతా బంగారమేనని చెప్పడానికి వీల్లేదు. ఈ విజయాలను ప్రశ్నించినవారూ ఉన్నారు. 2012లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ, టాటా ట్రస్టు కలిసి నడిపే కార్యక్రమం ద్వారా వచ్చిన ఒక పరిశీలన, ప్రచారం జరిగినంత మార్పు పొలాల్లో లేదనీ, పథకం ముగిశాక సంఘాలు చాలాచోట్ల మందగించాయనీ చెప్పింది. ఊళ్ల పరిస్థితి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. రిజిస్టరు ఇచ్చేవారు, నెలకొకసారి వచ్చి పలకరించేవారు ఉన్నన్నాళ్లు కొలత సాగింది. వారు వెళ్లిపోయాక కొలిచే మనిషికి కూలి పని తగిలింది, లేదా హైదరాబాదుకో బెంగుళూరుకో వలస పోయాడు. చెరువు కాపలాకు నీరుగంటిని పెట్టుకొని గింజలు కొలిచిన ఊళ్లు బావి కొలిచే మనిషికి మాత్రం ఏమీ కొలవలేదు. లోపం అక్కడ ఉన్నది.

బిందె పట్టుకొన్నవారి మాట

బోరు లేని కుటుంబాలకు ఈ లెక్కతో ఏం పని అని అడగవచ్చు. అందరికంటే ఎక్కువ పని వారికే ఉన్నది. సాగు బోర్లు లోతుకు పోయిన ఊళ్లో ముందుగా ఎండేది మంచినీటి బోరే. ట్యాంకరు వచ్చే వేళకు బిందెలు వరుసలో పెట్టుకొని కూర్చునేది ఎకరం భూమి లేని ఇంటి ఆడవారే. పైగా లోతు నీటిలో ఫ్లోరైడ్ బెడద. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నియమం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి ఈ పడమటి మండలాల దాకా ఫ్లోరైడ్ బాధ ఎరుగని వారు తక్కువ. పిల్లల పళ్ల మీద గారలు, పెద్దల మోకాళ్ల బిగుసుకు కొత్తగా సాక్ష్యం అవసరం లేదు.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం ప్రభుత్వ మంచినీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి గాని బోరు గాని తవ్వరాదు. చట్టం మంచిదే. అర్ధరాత్రి దిగిన బోరు లారీని ఆపడానికి మండల కేంద్రం నుంచి అధికారి వచ్చేసరికి తెల్లవారుతుంది. దానిని ఆపగలిగినవారు ఊరివారే. ఎవరికి కోపం వస్తుందోనని వారు నోరు మెదపరు. నీటి మట్టం బోర్డు మీద ఉన్న ఊళ్లో అదే మాట నోటికి రావడం తేలిక. మాట్లాడుతున్నది అంకె, మనిషి కాదు గనుక.

ఇతర చోట్ల

అనంతపురం జిల్లాలో మరో దారి పట్టిన పల్లెలు ఉన్నాయి. బోర్లు ఉన్న రైతులు, లేని రైతులు ఒప్పందం రాసుకొని బోర్లన్నిటినీ పైపులతో కలిపారు. బోరు లేనివారి వర్షాధార పంట ఎండే సమయానికి ఒకటి రెండు తడులు ఇవ్వాలి, అందుకు బదులుగా ఎవరూ కొత్త బోరు వేయరాదు. బోరు ఉన్నవారికి ఏమి లాభమంటే, పక్కన కొత్త బోరు పడదన్న ధైర్యమే. మహారాష్ట్రలోని హివరే బజార్ గ్రామం సాగుకు బోర్లనే నిషేధించుకొని ఏటా గ్రామసభలో నీటి జమాఖర్చు చదువుతుంది. ఆ ఊరి సర్పంచిగా పనిచేసిన పోపట్రావ్ పవార్‌కు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

కేంద్ర ప్రభుత్వం 2020లో అమలుకు తెచ్చిన అటల్ భూజల పథకంలోనూ ఊరూరా నీటి బడ్జెట్ వేయించడమే ముఖ్యమైన పని. ఏడు రాష్ట్రాలను ఎంచుకొన్నారు. ఆ పని దేశంలో ముందుగా చేసి చూపిన వాటిలో ఒకటైన ఆంధ్రప్రదేశ్ ఆ ఏడింటిలో లేదు. ఈ సంగతిని మన ప్రజాప్రతినిధులు అడిగి ఉండవలసింది.

వెలిగొండ మీద ఆశ ఉన్నది. పూల సుబ్బయ్య పేరు పెట్టుకొన్న ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఈ నడుమ ఒక తరం రైతులకు జుట్టు నెరిసింది. కృష్ణ నీరు కొండ దాటి రావడం ఈ ప్రాంతపు హక్కు, దానిని ఎవరూ కాదనలేరు. అయితే కాలువ ప్రతి చేనుకూ రాదు. కాలువ వచ్చిన చోట కూడా ఎండాకాలం బోరే దిక్కు.

ఇప్పుడు కావలసినవి

మండలాల్లో భూగర్భ జలశాఖ పిజోమీటర్లు ఉన్నాయి, వాటి అంకెలు కంప్యూటర్లకు చేరుతున్నాయి. కాని విజయవాడలో తెలిసిన అంకె తన ఊరి మధ్య రావిచెట్టు కింద కనబడకపోతే రైతుకు ఉపయోగం ఏమిటి? ఒక వానమాని, గుర్తులు వేసిన పొడుగాటి టేపు, ఒక డ్రమ్ము, ఒక నల్లబోర్డు ఉంటే ఊరి లెక్క ఊరిలోనే తేలుతుంది. ఈ సామాను ఖరీదు విఫలమైన ఒక్క బోరు ఖర్చులో ఏ మూలకూ రాదు. సచివాలయ వ్యవసాయ సహాయకుడు లెక్క సరిచూడవచ్చు. హైస్కూలు పిల్లలు బోర్డు రాయవచ్చు. కొలిచే మనిషికి మాత్రం పంచాయతీ గాని, మహిళా పొదుపు సంఘాలు గాని ఏడాదికి ఇంత అని ముట్టజెప్పాలి. ఊరికే చేయమంటే రెండేళ్లకే ఆగిపోతుందని అనుభవం చెబుతున్నది.

పాత సంఘాలలో పనిచేసిన రైతులు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నారు. పరిశీలన బావి ఏదో, డ్రమ్ము ఎక్కడ పెట్టాలో వారికి తెలుసు. గ్రామ పంచాయతీల అభివృద్ధి ప్రణాళికల కోసం అక్టోబరు 2 నుంచి గ్రామసభలు జరపడం 2018 నుంచి వస్తున్న పద్ధతి. రబీ విత్తనం ఇంకా సంచిలోనే ఉండే రోజులవి. ఆ సభ అజెండాలో నీటి జమాఖర్చు అనే అంశం చేర్చమని పంచాయతీ కార్యదర్శికి సెప్టెంబరులోనే కాగితం ఇవ్వాలి. దాని మీద బోరు ఉన్నవారు, లేనివారు ఇద్దరూ సంతకం చేయాలి.